పసిబిడ్డతో పశుపతి సన్నిధికి

అంధులైన తల్లిదండ్రులను కావడిలో కూర్చుండబెట్టి శ్రవణకుమారుడు తీర్థాలు తిప్పిన కథ మన ఇళ్లలో తెలియనివారు లేరు. నేడు ఆ కావడి తిరగబడింది. ముప్పయ్యేళ్ల తండ్రి భుజాన మూడేళ్ల కొడుకు, వెనుక చేతికర్రతో నాయనమ్మ, చేతిలో పాలసీసాల సంచితో తల్లి. పశుపతినాథుని పశ్చిమద్వారం ఎదుట బారులు తీరిన భక్తులలో ఇటువంటి తెలుగు కుటుంబాలు తరచు కనిపిస్తాయి. పూర్వం కాశీకి వెళ్లినవాడు కాటికి వెళ్లినవాడితో సమానమని భావించి, బాధ్యతలన్నీ తీరాకనే యాత్రకు కదిలేవారు. ఇప్పుడు విమానాలు వచ్చాయి, సెలవులు కుదరవలసి వచ్చింది, పెద్దలకు మోకాళ్లు సహకరించే రోజులలోనే దర్శనం చేయించాలన్న తొందర వచ్చింది. కనుక మూడు తరాలూ కలిసే బయలుదేరుతున్నాయి. సంతోషమే. అయితే పెద్దల కోసం వేసుకున్న యాత్రాప్రణాళికలో పసివాడు వెంట వచ్చే సామాను వలె మిగిలిపోతున్నాడు. మీరు బిడ్డతో నేపాల్ యాత్ర సంకల్పించి ఉంటే, సంకల్పం చెప్పుకునేటప్పుడు వాడి పేరునూ, వాడి శరీరాన్నీ కూడా లెక్కలోకి తీసుకొమ్మని కోరడానికే ఈ నాలుగు మాటలు.

పొరుగిల్లే, అయినా పరదేశం

భారతీయులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కరలేదు. 1950 నాటి ఒప్పందం ఇరుదేశాల ప్రజలకు ఆ సౌలభ్యాన్ని ఇచ్చింది. అక్కడి వీధులలో హిందీ వినిపిస్తుంది, ఇంటి గడపలకు పసుపు కుంకుమలు కనిపిస్తాయి, పశుపతినాథుని గర్భాలయంలో అర్చన చేసేది కర్ణాటక ప్రాంతం నుంచి వెళ్లిన భట్టులు. ఇన్ని ఆత్మీయతల నడుమ అది మరొక దేశమన్న సంగతి మనసుకు తోచదు. చిక్కంతా అక్కడే. సింగపూరుకో అమెరికాకో బిడ్డను తీసుకువెళ్లేవారు ఆరు నెలల ముందు నుంచి కాగితాలు సర్దుకుంటారు. నేపాల్‌కు వెళ్లేవారు తిరుపతికి వెళ్లినట్లు బయలుదేరుతారు.

విమానంలో వెళ్లే పెద్దలకు పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి. ఆధార్ సరిపోదు. 15 ఏళ్లలోపు పిల్లలకూ, 65 దాటిన వృద్ధులకూ మాత్రం ఫోటో ఉన్న ఆధార్ వంటి గుర్తింపు పత్రాన్ని అనుమతిస్తారు. 15 నుంచి 18 ఏళ్ల మధ్యవారికి పాఠశాల ప్రధానోపాధ్యాయుని ధ్రువపత్రం చెల్లుతుంది. నియమాలు మారుతుంటాయి గనుక టికెట్టు కొనేముందే విమాన సంస్థను అడిగి తెలుసుకోండి. నా మాట వింటే బిడ్డకు పాస్‌పోర్టే చేయించండి. పొత్తిళ్లలో ఉండగా తీసిన ఆధార్ ఫోటోకూ, నాలుగేళ్లకు ఎదిగిన బిడ్డ ముఖానికీ పోలికలు వెదకడం అధికారికి కష్టమే కదా! తల్లిదండ్రులలో ఒక్కరే బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లినా, తాతయ్య నాయనమ్మలు మనుమణ్ణి తీసుకొని వెళ్లినా, మిగిలినవారి సమ్మతి లేఖనూ జనన ధ్రువపత్రం ప్రతినీ సంచిలో ఉంచుకోవడం క్షేమం. ఎవరూ అడగకపోవచ్చు. అడిగిన నాడు మాత్రం ఆ కాగితమే కాపాడుతుంది.

నేపాల్ గడియారం మనకంటే పావుగంట ముందుంటుంది. మన రూపాయి అక్కడి రూపాయి అరవై పైసలు. 1993 నుంచి ఈ లెక్క మారలేదు. కానీ ఏ నోట్లు ఎంతవరకు తీసుకువెళ్లవచ్చునన్న నియమం పలుమార్లు మారింది, బ్యాంకులో కనుక్కోండి. అంబులెన్సుకు 102, పోలీసుకు 100. ఖాట్మండులోని మహారాజ్‌గంజ్‌లో పిల్లలకే ప్రత్యేకించిన కాంతి బాలల ఆసుపత్రి ఉన్నది. భారత రాయబార కార్యాలయం లైన్‌చౌర్‌లో ఉన్నది. ఈ వివరాలు ఫోనులో ఉంటే చాలదు, కాగితం మీద రాసి తల్లి చేతిసంచిలో ఒకటి, తాతయ్య జేబులో ఒకటి ఉంచండి. ఫోనులో ప్రాణం పోయే సమయానికే వాటి అవసరం పడుతుంది.

మరొక జాగ్రత్త. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చినప్పుడూ, 2025 సెప్టెంబరులో యువజనుల ఆందోళనతో ఖాట్మండు విమానాశ్రయం మూతపడినప్పుడూ యాత్రికులు ఎక్కడివారక్కడ చిక్కుపడ్డారు. రెండవసారి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పెట్టి మనవారిని తీసుకురావలసి వచ్చింది. పెద్దవారు ఒకపూట అటుకులతో గడుపుకోగలరు. పసివాడి పాలపొడి, వాడుతున్న మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు మాత్రం అనుకున్న రోజులకంటే మరో మూడు రోజులకు సరిపడా ఉండాలి. నీరు కాచి చల్లార్చినదే పట్టండి. ఆహారానికి బెంగ అక్కరలేదు. నేపాలీల నిత్యభోజనం పప్పూ అన్నమే. కారం వేయకుండా పెట్టమంటే ఏ పూటకూటి ఇల్లాలైనా నవ్వుతూ పెడుతుంది.

బాగ్మతీ తీరాన పుట్టే ప్రశ్న

పశుపతినాథుడు చతుర్ముఖలింగమూర్తి. తూర్పున తత్పురుషం, దక్షిణాన అఘోరం, పడమట సద్యోజాతం, ఉత్తరాన వామదేవం, ఊర్ధ్వముఖం ఈశానం. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. పడమటి ద్వారం ముందు బంగారు పూతతో మెరిసే పెద్ద నందిని చూడగానే పిల్లలు కేరింతలు కొడతారు. ఎత్తుకొని చూపించండి. రద్దీలో బిడ్డను నడిపించవద్దు. సోమవారాలు, ఏకాదశులు, శివరాత్రి రోజులు పసిపిల్లలతో దర్శనానికి అనువైనవి కావు. తోలు వస్తువులు లోపలికి తీసుకువెళ్లరాదు, గర్భాలయ ప్రాంగణంలో ఛాయాచిత్రాలు తీయరాదు. ప్రాంగణం వెలుపల కోతులు ఎక్కువ. స్వయంభూనాథ్ కొండ మెట్ల మీద మరీ ఎక్కువ. బిడ్డ చేతిలో అరటిపండు, బిస్కట్టు పొట్లం కనిపించనీయకండి. కోతి కరిచినా గీరినా పసుపు అద్ది ఊరుకోరాదు. సబ్బుతో ధారగా పారే నీటి కింద పావుగంట సేపు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లి రేబిస్ టీకా వేయించాలి.

ఇవన్నీ సులభంగా చెప్పగలిగిన జాగ్రత్తలు. కష్టమైనది మరొకటున్నది.

ఆలయాన్ని ఆనుకొని బాగ్మతీ నది ప్రవహిస్తుంది. ఒడ్డున ఆర్యఘాట్. అక్కడ చితులు బహిరంగంగానే మండుతుంటాయి. కాషాయ వస్త్రం కప్పిన దేహాన్ని నదీజలంతో తడిపి, చితికెక్కించి, కొడుకు నిప్పు పెట్టడం ఎదుటి ఒడ్డు మెట్ల మీద నిలబడినవారందరికీ కనిపిస్తుంది. మన ఊళ్లలో శ్మశానం ఊరి చివర ఉంటుంది, పసివారిని ఆ దరిదాపులకు పోనివ్వం. ఇక్కడ దర్శనం చేసుకొని నాలుగడుగులు వేస్తే చాలు, బిడ్డ వేలు చూపి అడుగుతాడు: ‘‘నాన్నా, అక్కడ ఏం కాలుస్తున్నారు?’’

ఏమి చెబుతారు? చాలామంది కళ్లు మూసి, గబగబా దాటించివేస్తారు. కొందరు ‘చలిమంట’ అంటారు. మూడేళ్ల లోపు వారికి ఆ మాటతో సరిపోతుందేమో. నాలుగైదేళ్ల బిడ్డ మాత్రం మీ గొంతులోని తడబాటును పట్టేస్తాడు, ఆ రాత్రి నిద్రలో ఉలిక్కిపడతాడు. కఠోపనిషత్తులో నచికేతుడు బాలుడే. తన్ను ఎవరికి ఇస్తావని తండ్రిని ఒకటికి మూడుసార్లు అడిగి, యముని గుమ్మం ముందు మూడు రాత్రులు కాచుకొని, మరణం తరువాత ఏమున్నదని నిలదీసినవాడు. యముడంతటివాడు ఆ ప్రశ్నను దాటవేయాలని ఏనుగులనూ గుర్రాలనూ దీర్ఘాయువునూ ఆశపెట్టి చూశాడు. చివరకు సమాధానం చెప్పక తప్పలేదు. మీ బిడ్డకు ఉపనిషద్రహస్యం చెప్పనక్కరలేదు. ‘‘ఒక తాతగారు చాలా పెద్దవారయ్యారు, చనిపోయారు. ఇప్పుడు ఆయనకు నొప్పి తెలియదు. వాళ్ల అబ్బాయి ఆయనకు దణ్ణం పెట్టి సాగనంపుతున్నాడు’’ అంటే చాలు. ‘నిద్రపోతున్నారు’ అని మాత్రం అనవద్దు. నిద్రపోయినవారిని కాలుస్తారన్న భయం వాడి కళ్లను మూతపడనివ్వదు. ‘‘మన తాతయ్య కూడానా?’’ అన్నది రెండవ ప్రశ్న. తాతయ్య పక్కనే ఉంటే ఆ సమాధానం ఆయననే చెప్పనీయండి. పెద్దలు ఈ విషయంలో మనకంటే ధైర్యవంతులు.

చూపకుండా ఉండదలచినవారు వంతెన వైపు పోక, వచ్చిన దారినే వెనుదిరగవచ్చు. అదీ తప్పు కాదు. అయితే ఆ నిర్ణయం ముందుగా జరగాలి, నదిఒడ్డున నిలబడి కాదు. ఇంకొక మాట. ఆ మంటలు ఎవరో ఒకరి ఇంటి దుఃఖం. వాటి వైపు కెమెరా తిప్పేవారిని చూసి బిడ్డ ఏమి నేర్చుకుంటాడో ఆలోచించండి.

ఆర్యఘాట్ చూసిన రోజునే సాయంత్రం బుఢానీలకంఠ క్షేత్రానికి తీసుకువెళ్లడం మంచిదని నాకు తోస్తుంది. ఖాట్మండుకు ఉత్తరాన, శివపురి కొండ పాదంలో, కొలను నడుమ ఆరుబయట శేషతల్పం మీద శయనించిన శ్రీమహావిష్ణువు. సుమారు 5 మీటర్ల నల్లరాతి మూర్తి, ఏడవ శతాబ్దం నాటిదంటారు. నేపాల్ రాజులు ఈ స్వామి దర్శనానికి వచ్చేవారు కారన్నది ప్రసిద్ధమైన ఆచారం. 2008లో రాచరికమే పోయింది. పిల్లలకు ఈ చరిత్ర అక్కరలేదు. నీళ్లలో పడుకున్న దేవుడు, తలకింద పాముపడగలు, పైన ఆకాశం. అంతే, అరగంట సేపు రెప్పవేయకుండా చూస్తారు. అదే శేషుడు వానలో పసికృష్ణునికి గొడుగు పట్టాడని అక్కడే కూర్చొని చెప్పండి.

బాలకుమారి

ఖాట్మండు పాత దర్బారు చౌకులో కుమారీ ఘర్ ఉన్నది. 1757లో జయప్రకాశ మల్లుడు కట్టించిన ఇటుక మేడ, చెక్కపని కిటికీలు. నేవారుల శాక్య కుటుంబాలనుంచి ఎంపికచేసిన బాలికను తలేజు భవానీ స్వరూపంగా అందులో కొలుస్తారు. శాక్యులు బౌద్ధులు, కొలిచేవారు హిందువులూ బౌద్ధులూ. రజస్వల అయ్యేవరకే ఆమె కుమారి. 2025 దసరా రోజులలో పీఠమెక్కిన కుమారికి ఇంకా మూడేళ్లు నిండలేదు. పైకిటికీలో ఆమె క్షణకాలం దర్శనమిస్తే జనమంతా చేతులు జోడిస్తారు. ఫోటో తీయరాదు. నవరాత్రులలో బాలాపూజ చేసే మన ఇల్లాండ్రకు ఆ దృశ్యం కొత్తకాదు. అయినా సొంత బిడ్డను చంకన వేసుకొని ఆ కిటికీ వైపు చూసే తల్లికి, ఈ పసిదాన్ని కన్నతల్లి ఏ వీధిలో ఉన్నదో అన్న తలపు రాకుండా ఉండదు.

నూటెనిమిది ధారల ముందు

యాత్రలో అసలు పరీక్ష ముక్తినాథం. నూటెనిమిది దివ్యదేశాలలో ఒకటిగా తిరుమంగై ఆళ్వారు కీర్తించిన సాలగ్రామ క్షేత్రమిదేనని వైష్ణవుల విశ్వాసం. బౌద్ధులకూ పవిత్రస్థలమే. ఆలయసేవలో బౌద్ధ సన్యాసినులకూ భాగమున్నది. శ్రీదేవీ భూదేవీ సమేతుడైన స్వామి, ఆలయం వెనుక అర్ధచంద్రాకారంగా నూటెనిమిది ధారలు, ముందు రెండు కుండాలు. సమీపంలోనే జ్వాలామాయి గుడిలో రాతిసందున సహజవాయువుతో వెలిగే నీలిజ్వాల, దాని చెంతనే నీటి ఊట. ఇంతటి క్షేత్రం 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది.

ఆ ఎత్తును మనకు తెలిసిన లెక్కలో చూడండి. పోఖరా పట్టణం ఇంచుమించు మన తిరుమల కొండంత ఎత్తు. అక్కడినుంచి చిన్న విమానం ఇరవై నిమిషాలలో 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లో దించుతుంది. జీపులో మరో రెండు గంటలలోపే రాణీపౌవా. అక్కడినుంచి అరగంట నడక లేదా గుర్రం. అంటే పొద్దున్న తిరుమలంత ఎత్తున నిద్రలేచిన బిడ్డ, మధ్యాహ్నానికి దానికి నాలుగింతల ఎత్తున ఉంటాడు. అక్కడి గాలిలో ఒక్కొక్క శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో మూడింట రెండు వంతులకంటే తక్కువే.

పెద్దవారికి ఎత్తుజబ్బు వస్తే తలపోటు అంటారు, కళ్లు తిరుగుతున్నాయంటారు. రెండేళ్ల బిడ్డ ఏమంటాడు? ఏడుస్తాడు. పాలు వద్దంటాడు. ఆడుకోడు. నిద్రపట్టక అల్లాడుతాడు, వాంతి చేసుకుంటాడు. ఇవన్నీ ప్రయాణపు అలసట వలెనే కనిపిస్తాయి. అందుకే వైద్యులు చెప్పే సూత్రం ఒకటే: ఎత్తైన చోట బిడ్డ అకారణంగా చిరాకుపడితే, వేరే కారణం రుజువయ్యేవరకు అది ఎత్తుజబ్బే అనుకోండి. పైకి ఒక్క అడుగు వేయవద్దు. తగ్గకపోతే కిందికి దిగండి. దిగడమే మందు. శ్వాస ఆయాసంగా ఉన్నా, పిలిస్తే పలకక మగతగా ఉన్నా, నడిచే బిడ్డ తూలుతున్నా తెల్లవారేదాకా ఆగరాదు. ఇంట్లో ఉన్న మాత్రలు మీకై మీరు వేయవద్దు. ఆస్పిరిన్ అసలే వద్దు.

ఎత్తుజబ్బు గుడి ముందే బయటపడదు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, అంటే రాత్రివేళ తలెత్తుతుంది. కనుక ఎంత ఎత్తుకు ఎక్కారన్నదానికంటే ఎక్కడ నిద్రించారన్నది ముఖ్యం. బిడ్డ ఉన్నవారు రాణీపౌవాలో రాత్రి బస చేయరాదు. వీలైతే పోఖరా నుంచి రోడ్డుమార్గాన 1,200 మీటర్ల తాతోపానీలో ఒక రాత్రి, జోమ్‌సోమ్‌లోనో దాని కిందనున్న మార్ఫాలోనో రెండు రాత్రులు నిద్రించి, మూడవనాటి ఉదయం ముక్తినాథ దర్శనం చేసుకొని మధ్యాహ్నానికే జోమ్‌సోమ్‌కు దిగిపోండి. విమానాలు ఉదయంపూటే ఎగురుతాయి. పొద్దెక్కాక కాలీగండకీ లోయలో గాలి ఉగ్రరూపం దాలుస్తుంది, రద్దులు మామూలే. హెలికాప్టరులో వెళ్లి గంటలో తిరిగివచ్చేవారూ ఉన్నారు. వాతావరణం చెడి పైన చిక్కుపడితే ఆ సౌకర్యమే సంకటమవుతుంది. వర్షాకాలంలో కొండచరియలు, మాఘంలో మంచు. చైత్ర వైశాఖాలు, ఆశ్వయుజ కార్తికాలు అనుకూలం. ఇటీవలే జలుబూ దగ్గూ పట్టిన బిడ్డకు ప్రమాదం ఎక్కువ. ఏడాది నిండని శిశువును అంత ఎత్తుకు తీసుకువెళ్లవద్దన్నది నా దృఢమైన అభిప్రాయం. ఆపైవారినైనా పిల్లల వైద్యునికి చూపించాకే.

ఇక ధారల వద్దకు వద్దాం. మంచుకొండల నీరు. పెద్దలకే ఒళ్లు కొంకర్లు పోతుంది. నూటెనిమిది ధారల కిందా పరుగెత్తి, రెండు కుండాలలో మునిగితే జన్మ తరించినట్లని మన నమ్మకం. అక్కడే నాయనమ్మ అంటుంది: ‘‘ఇంత దూరం వచ్చి పసివాడికి తల తడపకుండా తీసుకుపోతామా నాయనా? మళ్లీ నేను వస్తానా?’’ కోడలు మాట్లాడదు. కొడుకు తల్లి ముఖమూ భార్య ముఖమూ మార్చి మార్చి చూస్తాడు. ఆ పెద్దావిడ పట్టుదలలో మనుమడి మీద ప్రేమే ఉన్నది, మరేమీ లేదు. వైద్యశాస్త్రం చెబితే ఆమె నొచ్చుకోవచ్చు. ధర్మశాస్త్రం చెప్పండి.

స్నానం ఒక్క మునకే కాదు, ఏడు విధాలని స్మృతులు చెప్పాయి. నీట మునిగేది వారుణం మాత్రమే. మంత్రపూతమైన నీటిని చిలకరించుకుంటే మాంత్రం. మృత్తిక ధరిస్తే భౌమం, భస్మం ధరిస్తే ఆగ్నేయం, గోధూళి సోకితే వాయవ్యం, ఎండలో కురిసే వాన తడిపితే దివ్యం. భగవత్స్మరణమే మానసం. రోగులకూ అశక్తులకూ ఈ మార్గాలు ఏర్పరచినవారు మన మహర్షులే. ఎనిమిదేళ్లు నిండని బాలురకు ఏకాదశి ఉపవాస నియమం లేదన్నదీ శాస్త్రమే. పసివాణ్ణి కఠిననియమం నుంచి తప్పించడం శాస్త్రానికి వెలితి కాదు, శాస్త్రం పెట్టిన ఏర్పాటే. ఒక్కొక్క ధార నుంచి నాలుగు చుక్కలు చెంబులోకి పట్టి, చేతిలో వేడిచేసుకొని, ఉన్నిటోపీ కొంచెం పైకెత్తి నాయనమ్మ చేతనే బిడ్డ నుదుట ప్రోక్షించమనండి. నూటెనిమిదీ చేరిన నీరు అది. వాడి పేరిట మునక తండ్రి వేయవచ్చు.

అక్కడిదాకా వెళ్లి, బిడ్డ వాలిపోవడం చూసి రాణీపౌవా నుంచే వెనుదిరగవలసి వస్తే? ఇద్దరు పెద్దలుంటే ఒకరు బిడ్డతో దిగాలి, మరొకరు పెద్దలతో దర్శనానికి వెళ్లాలి. ఎవరు దిగాలన్నది పోఖరాలో ఉండగానే తేల్చుకోండి. మొక్కు విషయమై బెంగపడేవారికి ఒక్క మాట. ముక్తినాథుని గోపురం అక్కడి బజారు నుంచి కనిపించకపోయినా, ఆ లోయలోని కాలీగండకీ గర్భమంతా సాలగ్రామాలే. కాగ్‌బేనీ సంగమంలో కాళ్లు కడుక్కుంటే చాలు, పితృకార్యాలు జరిగే పుణ్యస్థలి. ఒడ్డున నల్లరాయి ఒకటి బిడ్డ చేత పట్టించి, లోపలి చక్రపు చుట్లు చూపించండి. కోట్ల సంవత్సరాల కిందట హిమాలయం ఉన్నచోట సముద్రముండేదని, ఆ చుట్లు నాటి గవ్వప్రాణుల శిలాజాలని భూగర్భశాస్త్రవేత్తలు చెబుతారు. చక్రధారిగా పూజించేవారికి ఆ మాట అడ్డురాదు. కొండమీద సముద్రపు గవ్వ ఎలా వచ్చిందని వాడు మిమ్మల్ని తిరుగుదారి పొడవునా వేధిస్తాడు, సిద్ధంగా ఉండండి.

నేలమార్గాన తిరిగివచ్చేవారు బీహారు వైపు దిగి జనకపురిలో ఆగవచ్చు. జానకీమందిరం తెల్లని కోట వలె ఉంటుంది, విశాలమైన ఆవరణలో పిల్లలు పరుగెత్తవచ్చు, ఎత్తు బెడద లేదు. అక్కడినుంచి భారత సరిహద్దులోని జయనగర్‌కు రైలుమార్గం 2022 ఏప్రిల్‌లో తిరిగి ప్రారంభమయింది. దూరం తక్కువే. ఇన్ని రోజులు జీపులలో కుదేలైన పిల్లలకు రైలు కిటికీ దక్కితే అమ్మ ఒడి కూడా అక్కరలేదు. టికెట్టు దగ్గర గుర్తింపు పత్రం అడుగుతారు, పెట్టె అడుగున పెట్టకండి.